మూలనపడ్డ మైకులూ, తుప్పు సంగతీ



మీ ఇంటి అటక మీదనో, ఊరి గుడి సామాన్ల గదిలోనో పాత గొట్టం మైకు ఒకటి పడి ఉందేమో గుర్తు చేసుకోండి. ఉంటే దాని మీద ఎర్రటి తుప్పో తెల్లటి పొడో తప్పకుండా ఉంటుంది. "ఇంకెందుకు పనికొస్తుంది, పాత ఇనుము కొట్టుకి వేసేద్దాం" అని ఇంట్లో ఎవరో అనే ఉంటారు. ఆ తొందర పడకముందు ఈ నాలుగు మాటలు వినండి.

కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కలది నల్లరేగడి నేల. మధుర నాయక రాజుల కాలంలోనూ, ఆ తరవాతా వలస వెళ్ళిన తెలుగువాళ్ళు అక్కడ ఎన్నో ఊళ్ళు కట్టుకున్నారు. 1991లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న తమిళ రచయిత కి. రాజనారాయణన్‌ది కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్. ఆయన ఇంటి భాష తెలుగే. ఆ ఊళ్ళలో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మైకు మాత్రం ఇంటికీ వీధికీ ఉమ్మడి ఆస్తి. తమిళుల పంగుణి నెల వచ్చిందంటే కోవిల్‌పట్టి సెంబగవల్లి అమ్మన్‌కి ఉత్సవం, విరుదునగర్ పరాశక్తి మారియమ్మన్‌కి పొంగళ్ళు. వేపచెట్టు కొమ్మకి గొట్టం మైకు కట్టారంటే పండగ వచ్చినట్టే లెక్క.

ఈ యంత్రం పుట్టి నూరేళ్ళు దాటింది. 1915లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో జెన్సన్, ప్రిధమ్ అనే ఇద్దరు ఇంజనీర్లు పెద్ద జనసమూహానికి దీన్ని వినిపించారు. మన వైపు చూస్తే, 1930లో మద్రాసు కార్పొరేషన్ రేడియో ప్రసారాలు మొదలుపెట్టింది. మెరీనా బీచిలో లౌడ్‌స్పీకర్లు పెట్టి జనానికి వినిపించింది. రేడియో కొనలేనివాడికి కూడా అలా పాట అందింది. స్వాతంత్ర్యం వచ్చాక పంచాయతీ రేడియోలు పల్లెలకు వచ్చాయి. సాయంత్రం వార్తలకి రచ్చబండ నిండేది.

తరవాత బాక్సు స్పీకర్లు వచ్చాయి. 2000లో శబ్దకాలుష్యం నిబంధనలు వచ్చాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట మైకు పెట్టకూడదన్న నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. పసిపిల్లలూ, రోగులూ నిద్రపోవాలి గదా, ఆ మాట న్యాయమే. మొత్తానికి గొట్టాలు చెట్టు దిగి అటకెక్కాయి. వాటి అసలు కష్టం అక్కడే మొదలైంది.

వాడుతున్న మైకు ఎండలో ఆరుతుంది, పదిమంది చేతుల్లో పడుతుంది, ఎవరో ఒకరు తుడుస్తారు. మూలనపడ్డదాన్ని తుడిచేవాడుండడు. "కోవిల్‌పట్టి పొడినేల గదా, అగ్గిపెట్టెలు చేసే ఊరు, అక్కడ తుప్పేమిటి?" అని మీరు అడగవచ్చు. నిజమే, శివకాశి, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల పరిశ్రమకి ఆ పొడి గాలే ఆసరా. కాని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన కురుస్తుంది. గాలిలో తేమ అరవై శాతం దాటితే ఇనుముకి తుప్పు జోరందుకుంటుంది. పైన పేరుకున్న దుమ్ము ఆ తేమని పట్టి ఉంచుతుంది. తొమ్మిది నెలల ఎండ కాపాడినదాన్ని మూడు నెలల వాన తినేస్తుంది.

ఇక సముద్రపు ఉప్పు సంగతి. విరుదునగర్‌కి ఈశాన్యంగా ఉన్న కారైక్కుడిలో 1953లో కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ మొదలైంది. దానికి అళగప్ప చెట్టియారు మూడు వందల ఎకరాల భూమి, పదిహేను లక్షల రూపాయలు ఇచ్చారు. ఆ సంస్థ రామేశ్వరం దారిలోని మండపంలో లోహపు రేకులని సముద్రపు గాలికి పెట్టి తుప్పుని పరీక్షించింది. 1914 నాటి పాంబన్ రైలు వంతెనకి జీవితమంతా ఆ ఉప్పుగాలితోనే పోరాటం. ఒడ్డు నుంచి లోపలికి వచ్చేకొద్దీ గాలిలో ఉప్పు బాగా తగ్గిపోతుంది. కాబట్టి మన మైకులకి ప్రధాన శత్రువు తేమ, దుమ్ము. అయితే తూత్తుక్కుడి వైపు ఉత్సవానికి వెళ్ళొచ్చిన గొట్టాన్ని మంచినీళ్ళ తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి మరీ దాచాలి.

ఇప్పుడు చేయవలసిన పని చూద్దాం. ముందుగా గొట్టాన్ని, వెనక ఉండే యూనిట్‌ని విడదీయాలి. మర బిగుసుకుపోతే సుత్తి పట్టుకోకండి. గొట్టం నోరు నేలకి, యూనిట్ పైకి ఉండేలా నిలబెట్టి, మర అంచున రెండు చుక్కల నూనె వేసి ఒక రాత్రి ఆగండి. అలా పెడితే నూనె కిందికే జారుతుంది, యూనిట్‌లోకి పోదు. యూనిట్ లోపల అయస్కాంతం ఉంటుంది. దాని సన్నటి సందులో తీగచుట్ట కదలాలి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ సందు మూసుకుపోతే గొంతు గరగరమంటుంది. అందుకే యూనిట్ దగ్గర ఇనుప పీచు వాడనే కూడదు. ఆ రజను అయస్కాంతానికి అంటుకుంటే తీయడం గగనం. యూనిట్ నోటికి గుడ్డ కట్టి, ఇత్తడి బ్రష్షుతో పైపైన రుద్దండి. లోపల రజను కనిపిస్తే గమ్ టేపు ముక్కతో మెల్లగా అద్ది తీయండి.

గొట్టం అల్యూమినియంది అయితే తెల్లపొడిని సబ్బునీళ్ళతో కడగండి. చాకలి సోడా, కాస్టిక్ సోడా వద్దు, అవి అల్యూమినియాన్ని తినేస్తాయి. వైర్లు తగిలించే ఇత్తడి కొసలకి చిలుము పడితే, ఇంట్లో చెంబులు తోమినట్టే చింతపండు చాలు. తరవాత నీళ్ళతో తుడిచి బాగా ఆరనివ్వండి. అల్యూమినియం, ఇనుప బోల్టు కలిసినచోట తడి చేరితే రెంటి మధ్యా బ్యాటరీలో లాగా చర్య జరిగి అల్యూమినియం కరిగిపోతుంది. మధ్యలో రబ్బరు వాషరు వేసి, బోల్టుకి గ్రీజు రాయండి.

దాచేటప్పుడు గోనెసంచి వద్దు, అది తేమ పీలుస్తుంది. గాలి ఆడకుండా పాలిథీన్ కవరు బిగించి కట్టినా లోపల నీటిచుక్కలు పడతాయి. నూలుగుడ్డ చుట్టి, నేలకి ఎత్తుగా చెక్క మీద పెట్టండి. ఎరువు బస్తాలూ, ఉప్పు బస్తాలూ ఉన్న గది అసలే పనికిరాదు. వానలకి ముందు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి దించి చూడండి. చిన్న శబ్దంతో పది నిమిషాలు మోగించండి.

మన సరిహద్దు జిల్లాల్లోనూ పల్లెపల్లెకీ ఇలాంటి మైకులున్నాయి. ఎన్ని పెళ్ళిపాటలు, ఎన్ని ఎన్నికల ఉపన్యాసాలు, తప్పిపోయిన పిల్లల కోసం ఎన్ని కేకలు ఆ గొట్టం గుండా వెళ్ళాయో! పాత ఇనుము కొట్టువాడు దాన్ని కిలోల్లో తూస్తాడు. ఆ తూకానికి పెట్టేముందు ఒక పూట తీరిక చేసుకుని, మీ పిల్లలని పక్కన కూచోబెట్టుకుని మర విప్పండి. తుప్పు చాలాసార్లు పైపొరే. అది వదిలాక మీ తాతల నాటి గొంతు మళ్ళీ వినిపించవచ్చు.