ఫలక్‌నుమా అంటే మాకు రైలు

మా ఉద్దానంలో ఎవర్నైనా అడగండి. ఫలక్‌నుమా అంటే రైలు అంటారు. హౌరా నుంచి వచ్చి పలాసలో ఆగి సికింద్రాబాద్ పోయే రైలు. తుపానుకి కొబ్బరిచెట్లు పడిపోయినవాళ్ళు, జీడిపిక్కల బట్టీల దగ్గర చేతులు నల్లబడినవాళ్ళు, అప్పు తీర్చలేనివాళ్ళు, చదువుకుని ఉద్యోగం దొరకనివాళ్ళు సాయంత్రం ఎక్కి మర్నాటికి హైదరాబాద్‌లో దిగుతారు. అది ఒక మహలు పేరని, ఆ మాటకు ఆకాశాన్ని పోలినదని అర్థమని మా ఊళ్ళల్లో చాలామందికి తెలీదు. తెలుసుకోవాల్సిన అవసరం కూడా రాలేదు.

మాకు ఆ అవసరం వచ్చింది. మేమంటే పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం నుంచి బయల్దేరిన ఆరుగురం, ఒకే ఖాందాన్ వాళ్ళం. గల్ఫ్‌లో పనిచేస్తున్న మా మేనల్లుడి నిఖా హైదరాబాద్‌లో. పెళ్ళికూతురివాళ్ళు ఉన్నవాళ్ళు. మగపెళ్ళివారికి ఒక హోటల్లో గదులు తీశారు. మామూలు హోటల్ కాదు, ‘హెరిటేజ్’ హోటలన్నారు. పేరు ఎందుకు గానీ, అది నిజంగా పాత కట్టడం కూడా కాదు. మన దేశంలో ప్రభుత్వం హెరిటేజ్ హోటలని గుర్తించాలంటే 1950కి ముందు కట్టిన కోటో, మహలో, హవేలీయో అయ్యుండాలి. ఇది మొన్నమొన్న కట్టింది. కమానులు, జాలీ కిటికీలు, గుమ్మటం, గోడలమీద నవాబుల తైలవర్ణ చిత్రాలు, అన్నీ కొత్తవే. సున్నంలో టీ రంగు కలిపి పాతబడినట్టు పూశారని మాలో తాపీపని తెలిసిన ఆయన గోడ గోకి చూసి చెప్పాడు.

గుమ్మం దగ్గర షేర్వాణీ, తలపాగాతో ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. నడుం వంచి, చెయ్యి నుదుటిదాకా ఎత్తి “ఆదాబ్ అర్జ్ హై” అన్నాడు. మాకు ఏం చెయ్యాలో తోచలేదు. మా ఇళ్ళల్లో సలాం అంటాం గానీ ఆదాబ్ అనం. మాలో పెద్దాయన ఖంగారుపడి రెండు చేతులూ జోడించాడు. వెనక నుంచి మా ఆడవాళ్ళెవరో “ఏటిది, సినిమా సెట్టింగునాగుంది” అన్నారు. ఆ మాట చెవిన పడగానే కుర్రాడి మొహం మారిపోయింది. ఆదాబ్ ఎగిరిపోయింది.

“మీరు పలాసోళ్ళేటి బాబూ?”

వాడిది సోంపేట దగ్గర. బీసీల కుర్రాడు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ళ కొబ్బరితోట మొత్తం పోయింది. కొబ్బరిమొక్క నాటితే కాపుకొచ్చేసరికి ఏళ్ళు పడుతుంది, ఈలోగా కడుపులు ఆగవు. ఫలక్‌నుమా ఎక్కేశాడు. ఆదాబ్ ఎలా చెయ్యాలో ఇక్కడే రెండ్రోజులు నేర్పారట. సామాన్లు మోసుకుపోతూ వాడు చాలా మామూలుగా, మా మీద అభిమానంతోనే ఒక మాటన్నాడు.

“మీకు కొత్తేటి బాబూ ఇదంతా? మీ వోళ్ళ కోటలే గదా.”

ఆ రాత్రి మెత్తటి పరుపుల మీద మాకు నిద్ర పట్టలేదు. కారణం పరుపు కాదు.

మా వాళ్ళ కోటలా? మా తాతల్లో ఒకాయన కళాయి పూసేవాడు. ఒకాయన గుడ్డలమూట భుజాన వేసుకుని మందస నుంచి కవిటి దాకా ఊరూరా తిరిగేవాడు. నానమ్మ గాజులు అమ్మేది. శ్రీకాకుళం జిల్లాలో నూటికి ఒక్కరం కూడా లేం మేం. చాలా ఊళ్ళల్లో ఒకటే ఇల్లు, ‘సాయిబుగారిల్లు’. అయినా ఎవరితోనైనా మాటామాటా వస్తే మేం నైజాం వాళ్ళం, ఏలినవాళ్ళం. గొడవలేని రోజున కూడా మేం నైజాం వాళ్ళమే. కోటలవాళ్ళం. తిట్టినా మెచ్చుకున్నా ఒకటే చరిత్ర తగిలిస్తారు. అందుకని అసలు మాకూ నైజాంకూ ఉన్న చుట్టరికం ఎంతో ఒకసారి లెక్క చూసుకోవాలనిపించింది.

శ్రీకాకుళం జుమ్మా మసీదు కట్టింది షేర్ మహమ్మద్ ఖాన్. 1641లో. గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫున చికాకోల్‌కు వచ్చిన ఫౌజ్‌దార్ ఆయన. ఉత్తర సర్కార్లలో చికాకోల్ ఒక సర్కారు. గోల్కొండ పోయి మొగలాయీలు, మొగలాయీల తర్వాత నిజాముల్ ముల్క్ వచ్చారు. ఆయన కాలంలో ఇక్కడ పెత్తనం చేసిన అన్వరుద్దీన్ ఖాన్ తర్వాత ఆర్కాటు నవాబయ్యాడు, 1749లో అంబూరు యుద్ధంలో చచ్చిపోయాడు. ఈ ఫౌజ్‌దార్ల పని ఏమిటి? జమీందార్ల నుంచి శిస్తు రాబట్టి పైకి పంపడం. రైతుకు వాళ్ళ మొహం తెలీదు, వాళ్ళ గుర్రాల డెక్కల చప్పుడు తెలుసు. వాళ్ళు మతం చేత మావాళ్ళు కాబట్టి వాళ్ళను మంచివాళ్ళని చెప్పే పని మాకు లేదు.

1753లో సలాబత్ జంగ్ ఏం చేశాడు? తనను గద్దె మీద నిలబెట్టిన ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యానికి జీతాల కింద నాలుగు సర్కార్లు రాసిచ్చేశాడు. అందులో మా చికాకోల్ ఒకటి. ఇక్కడున్న ఫౌజ్‌దార్ జాఫర్ అలీ ఖాన్‌కు కోపమొచ్చింది. వచ్చి, నాగపూర్ మరాఠాలను పిలిచాడు. వాళ్ళొచ్చి ఊళ్ళు దోచుకుపోయారు. ముస్లిం ఫౌజ్‌దార్ ముస్లిం సుబేదారు మీద కోపంతో హిందూ సైన్యాన్ని పిలిస్తే, దోపిడీ అయింది ఎవరు? ఉద్దానం రైతూ, ఆ రైతుకు గుడ్డలమ్మే మా తాతా. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం. విజయనగరం రాజు ఒకపక్క, బొబ్బిలి రాజు ఒకపక్క, మధ్యలో ఫ్రెంచి ఫిరంగులు. బుర్రకథలో బుస్సీ దివాను హైదర్ జంగ్ పేరు వచ్చినప్పుడల్లా ముందు వరసలో కూర్చున్న మా పిల్లల వైపు జనం చూసేవారు. చిన్నప్పుడు మేమూ ఆ చూపులు తిన్నాం. అలా అని కథ వినడం మానలేదు. తాండ్ర పాపారాయుడు కత్తి దూస్తే అందరితోపాటు మేమూ చప్పట్లు కొట్టాం.

ఆ తర్వాత ఇంకెంతో లేదు. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం సర్కార్లను ఇంగ్లీషు కంపెనీకి ఫర్మానా ఇచ్చాడు. 1766లో నిజాం అలీ ఖాన్ సంధి చేసుకుని అవి వాళ్ళకే వదిలేశాడు, 1768లో మరోసారి ఒప్పుకున్నాడు. బదులుగా ఏటా పేష్కష్ తీసుకున్నాడు. అంటే మా గడ్డకు అద్దె. 1823లో కంపెనీ ఒక్కసారే డబ్బు కట్టి ఆ హక్కు కూడా కొనేసింది. లెక్క తేలిపోయింది.

కాబట్టి నైజాంతో మా చుట్టరికం రెండున్నర శతాబ్దాల కిందటే తెగిపోయింది. సవ్యంగా చెప్పాలంటే వాళ్ళే మమ్మల్ని అమ్మేశారు. ఫౌజ్‌దార్లు పోయారు, కొలువులు పోయాయి, పెద్ద గుర్రాలున్నవాళ్ళు హైదరాబాదుకో ఆర్కాటుకో వెళ్ళిపోయారు. గుర్రాలు లేనివాళ్ళు మిగిలారు. సిపాయిలు, మేత వేసినవాళ్ళు, జీనులు కుట్టినవాళ్ళు, గిన్నెలకు కళాయి పూసినవాళ్ళు. ఎప్పుడో కలిమా చదివిన ఇక్కడి కులాలవాళ్ళు. మేం వాళ్ళ పిల్లలం. మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా వాళ్ళమయ్యాం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాంను చీలిస్తే విశాఖ జిల్లాలో పడ్డాం. 1950లో శ్రీకాకుళం జిల్లా వాళ్ళమయ్యాం. ఈ మధ్యలో ఎక్కడా మా ఇంటికి నిజాం ఉత్తరం రాలేదు. మేం మాట్లాడే ఉర్దూ విని హైదరాబాద్ పెళ్ళివాళ్ళు నవ్వుతారు. మా తెలుగు విని గోదావరివాళ్ళు నవ్వుతారు. రెండూ మావే, ఏం చేస్తాం.

మర్నాడు నిఖా. సాయంత్రం హోటలువాళ్ళు ‘నిజాముల రాత్రి’ అని ఒక కార్యక్రమం పెట్టారు. ఖవ్వాలీ, అత్తరు, వెండి వరకు అంటించిన పాన్. ఒకాయన మైకు పట్టుకుని చరిత్ర చెప్పాడు. ఫలక్‌నుమా దగ్గర మొదలెట్టాడు. చెప్పినంతవరకు అబద్ధం ఏమీ లేదు. 1884లో పాయిగా అమీరు వికారుల్ ఉమ్రా పునాది వేశాడు, తొమ్మిదేళ్ళపైన కట్టాడు. కట్టి కట్టి అప్పులపాలయ్యాడు. ఆఖరికి ఆ మహలు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. ఆ నిజాం 1911లో అక్కడే కన్నుమూశాడు. నూటొక్కమంది ఒక్కసారి కూర్చుని తినే బల్ల ఉంది. చాలాకాలం తాళాలు పడి ఉండి, 2010లో తాజ్ హోటలుగా తెరుచుకుంది. ఆ బల్ల దగ్గరే 2017లో అమెరికా అధ్యక్షుడి కూతురికి విందు ఇచ్చారు. తర్వాత వజ్రాలు. కేంద్ర ప్రభుత్వం 1995లో నిజాం నగలను 218 కోట్లకు కొన్న సంగతి. జనం నోళ్ళు తెరిచి విన్నారు, మేమూ విన్నాం.

రాజుల మహళ్ళు హోటళ్ళు కావడం హైదరాబాదుకే కొత్త కాదు. జైపూర్ రాంబాగ్ 1957లోనే అయింది, ఉదయపూర్ సరస్సు మహలు 1963లో. 1971లో రాజభరణాలు రద్దయ్యాక మిగిలినవాళ్ళకూ వేరే దారి లేకపోయింది. కప్పు కారకుండా చూసుకోవడానికైనా డబ్బు కావాలి గదా. దాన్ని మేం తప్పు పట్టం. కూలిపోయేకంటే నిలబడటం నయం.

కానీ ఆ మైకాయన 1911 నుంచి వజ్రాలకు గెంతేశాడు. మధ్యలో 1948 ఉంది. ఆ సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చాక హైదరాబాద్ సంస్థానంలో ముస్లింలను ఊచకోత కోశారు. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీయే 27 వేల నుంచి 40 వేలమంది దాకా చనిపోయి ఉంటారని రాసింది. ఆ నివేదికను దశాబ్దాలు బయట పెట్టలేదు. దానికి ముందు రజాకార్ల దౌర్జన్యమూ ఉంది, దొరల గడీల కింద నలిగిన రైతులూ ఉన్నారు, వాళ్ళ తిరుగుబాటూ ఉంది. అవేవీ ‘నిజాముల రాత్రి’లో పట్టవు. భోజనాల ముందు అవన్నీ చెప్తే ఎవరు తింటారు? నవాబుకు షేర్వాణీ ఉంది, చచ్చిపోయిన సాయిబుకు ఏం తొడుగుతారు?

బయట మా పేరు వింటే అద్దెకు ఇల్లివ్వని నగరమే లోపల మా పేరుతో బిర్యానీ వడ్డిస్తోంది. మా గుమ్మటాలు కావాలి, మేం అక్కర్లేదు. ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఆ ఖవ్వాలీ మొదలవగానే మాలో కొందరికి ఒళ్ళు పులకరించింది. ఒకడి కళ్ళు చెమర్చాయి. ఇది మాది కాదు, మాది కాదని రాత్రంతా లెక్కలేసుకున్నవాళ్ళమే. అయినా ఎవరో మా గురించి నాలుగు మంచిమాటలు మైకులో చెప్తే కరిగిపోయాం. ఏడాదంతా తిట్లు తినేవాడికి అబద్ధపు పొగడ్త కూడా తియ్యగానే ఉంటుంది కాబోలు. దీనికి మాకు సిగ్గుగానూ ఉంది, లేదు కూడా.

మా పెద్దాయనకు మాత్రం ఆ పాటల మధ్యలో వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. నలభైల్లో ఆయన కంటి వైద్యానికని హైదరాబాద్ వచ్చి నాంపల్లి స్టేషన్ పక్కన సరాయిలో దిగాడట. 1919లో ఉస్మాన్ అలీ ఖాన్ రైలు ప్రయాణికుల కోసం కట్టించిన సరాయి అది. ‘చాప మనదే, రొట్టె మనదే, కప్పు సర్కారుది’ అని ఇంటికొచ్చి చెప్పేవాడట. పక్కన తమలపాకుల వ్యాపారి, అవతల తీర్థయాత్రకు వెళ్తున్న మార్వాడీ కుటుంబం, అందరికీ ఒకటే వాకిలి. దక్కన్‌లో అది పాత అలవాటు. కుతుబ్‌షాహీల కాలపు షేక్‌పేట సరాయిలో గదులు, గుర్రాలకూ ఒంటెలకూ చోటు, మసీదు ఉన్నాయి. బందరు దారిలో హయాత్‌నగర్ సరాయి హయాత్ బక్షీ బేగం పేరుమీద ఉంది. దారినపోయేవాడికి రాత్రికి ఇంత నీడ ఇవ్వడం పుణ్యమని కట్టారు. మా వైపు జమీందార్ల సత్రాలూ అంతే.

నిఖా మర్నాడు పెద్దాయన పట్టుబడితే నాంపల్లి వెళ్ళాం. సరాయి శిథిలమై ఉంది. కమానులు కనిపిస్తున్నాయి, ఇటుకల మధ్య రావిమొక్కలు మొలిచాయి. ఆయన చాలాసేపు గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ గోడకు టీ రంగు పుయ్యలేదు.

నవాబులు పడుకున్న మహళ్ళు హెరిటేజ్ అయ్యాయి. మా తాత పడుకున్న వసారా కాలేదు. ఫలక్‌నుమా మాది కాదంటే ఒప్పుకుంటాం. ఈ సరాయి మాది కాదంటే ఒప్పుకోం. చాప పరుచుకున్న ప్రతివాడిదీ కాబట్టి మాది కూడా. సోంపేట కుర్రాడిది కూడా.

వెళ్ళేరోజు మధ్యాహ్నం వాడు డ్యూటీ దిగి, లుంగీ కట్టుకుని, హోటలు వెనక సందులో టీ తాగుతూ కనిపించాడు. షేర్వాణీ లేకపోతే పదిహేడేళ్ళవాడిలా ఉన్నాడు. మేమే ముందు పలకరించాం. రాత్రి అనుకున్నదంతా చెప్దామనుకున్నాం. “మీ వోళ్ళ కోటలే” అన్న మాటకు జవాబు, షేర్ మహమ్మద్ ఖాన్ నుంచి పేష్కష్ దాకా. పెద్దాయన మొదలెట్టాడు కూడా.

“మా వాళ్ళవి కావు నాయనా కోటలు. మా నాన్న కళాయి పూసేవాడు.”

“ఒరే, కళాయి సాయిబుగారా? మా మావ్వ సెప్పేది. మా బిందెలకి ఆయనే పూసేవోడట.” వాడు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

తర్వాత చరిత్ర చెప్పే పని పడలేదు. వాడు గదికి పరిగెత్తి ఒక సంచీ తెచ్చాడు. వాళ్ళమ్మకు కిడ్నీల జబ్బు, మా ఉద్దానంలో ఇంటింటికీ ఉన్న జబ్బే. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తిరుగుతోంది. ఒక చీర, మందులు, కొంచెం డబ్బు. పలాస స్టేషన్‌కు తమ్ముడొచ్చి తీసుకుంటాడన్నాడు. సంచీ మీద హోటలు పేరు బంగారు అక్షరాల్లో ఉంది, పక్కన చిన్న గుమ్మటం బొమ్మ.

సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కాం. సంచీ పెద్దాయన తలకింద పెట్టుకుని పడుకున్నాడు. తెల్లారి పలాసలో దిగేసరికి తమ్ముడు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. మమ్మల్ని ఎలా పోల్చుకున్నావురా అంటే, “అన్నియ్య ఫోన్ సేసి సెప్పినాడు. కళాయి సాయిబుగారి వోళ్ళు వస్తారని.”