కోప్పడినా దూరం చేసుకోని నాన్న

హాన్స్ షోల్, సోఫీ షోల్ అంటే హిట్లర్‌కు వ్యతిరేకంగా కరపత్రాలు పంచి ప్రాణాలిచ్చిన అన్నాచెల్లెళ్లని చాలామందికి తెలుసు. అంతకుముందు వాళ్లిద్దరూ అదే హిట్లర్ యువజన సంఘాల్లో ఎంతో ఇష్టంగా తిరిగారని చదివినప్పుడు, నా ధ్యాస వాళ్ల అమ్మానాన్నల మీదికి మళ్లింది. మా ఇంట్లోనూ ఎదుగుతున్న పిల్లాడున్నాడు మరి!

జర్మనీలోని ఉల్మ్ అనే ఊళ్లో ఉండేవారు వాళ్లు. తండ్రి రాబర్ట్, తల్లి మాగ్దలీనా, ఐదుగురు పిల్లలు. 1933 మొదట్లో హిట్లర్ గద్దెనెక్కేనాటికి హాన్స్‌కి 14 ఏళ్లు, సోఫీకి 11. జెండాలు, కవాతులు, రాత్రిపూట చలిమంట చుట్టూ పాటలు, దేశం కోసం ఏదో చేస్తున్నామన్న గర్వం. ఆ వయసు పిల్లలకి ఇంకేం కావాలి? తండ్రికి మాత్రం అస్సలు నచ్చలేదు. వేణువు ఊదుతూ ఊరి పిల్లలందరినీ వెంట తీసుకుపోయిన హామెలిన్ కథలోని మనిషితో హిట్లర్‌ని పోల్చేవాడట. రోజూ వాదనలే. అయినా పిల్లలు చేరారు. ఆయన వాదించాడే గానీ కాళ్లకు సంకెళ్లు వేయలేదు.

మరి వాళ్ల మనసు ఎప్పుడు విరిగింది? ఒక్కరోజులో కాదు, ఏ ఉపన్యాసమో విని కాదు. హాన్స్ గిటార్ పట్టుకుని రష్యా, నార్వే పాటలు పాడితే అవి మనవి కావు, పాడొద్దన్నారు. తనకెంతో ఇష్టమైన స్టెఫాన్ ట్స్వైగ్ పుస్తకం చదవకూడదన్నారు. 1935లో నూరెంబర్గ్ సభలకు జెండా మోయడానికి ఎంపికయ్యాడు. పొంగిపోతూ వెళ్లినవాడు ముభావంగా తిరిగొచ్చాడు. తన దళంలోని పిల్లలు సొంతంగా చేసుకున్న జెండాను పై నాయకుడు ఇచ్చేయమని గద్దిస్తే, అతని మీద చెయ్యి చేసుకున్నాడు. ఇక సోఫీకి, యూదులమ్మాయి అయిన తన స్నేహితురాల్ని సంఘంలో ఎందుకు చేర్చుకోరో అర్థం కాలేదు.

ఆ రోజుల్లోనే తెలిసిన ఒక యువ ఉపాధ్యాయుణ్ణి కాన్సంట్రేషన్ క్యాంపుకి పట్టుకెళ్లారు. అదేమిటని పిల్లలు అడిగింది తండ్రినే. ఈ సంగతి వాళ్ల అక్క ఇంగె తర్వాత తన పుస్తకంలో రాసింది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే. అంతకాలం తమను కాదన్న మనిషి దగ్గరికే ఆ ప్రశ్నతో వెళ్లగలిగారు. ఆయనే గనక మొదట్లో ఇంట్లో మాటలు బంద్ చేసి ఉంటే, ఆ ప్రశ్న ఎవరి దగ్గరికి వెళ్లేదో!

అలాగని ఆ ఇంటికి కష్టాలు తప్పలేదు. 1937లో పిల్లల్ని రహస్య పోలీసులు అరెస్టు చేశారు. 1942లో హిట్లర్‌ని తిట్టాడని తండ్రిని జైల్లో పెట్టారు. 1943 ఫిబ్రవరి 18న మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో కరపత్రాలతో అన్నాచెల్లెళ్లు దొరికిపోయారు. నాలుగు రోజులకే మరణశిక్ష అమలు చేశారు. అప్పటికి హాన్స్‌కి 24, సోఫీకి 21.

చివరిసారి చూడ్డానికి వెళ్లిన తల్లి తినడానికి ఏవో తీపి బిస్కెట్లు తీసుకెళ్లింది. మధ్యాహ్నం ఏమీ తినలేదంటూ సోఫీ సంతోషంగా తీసుకుందట.

ఇది చదివాక ఆ పూట నాకు వంట చేయాలనిపించలేదు. వాదించుకునే ఇల్లు పిల్లల్ని క్షేమంగా ఉంచుతుందన్న హామీ ఏమీ లేదు. కానీ వాళ్లు ఆఖరిదాకా మనవాళ్లుగానే ఉంటారు. రేపు మావాడు నాకు నచ్చని జెండా ఏదైనా పట్టుకొస్తే, గట్టిగానే వాదిస్తాను. అన్నం మాత్రం వేళకి పెడతాను.