దొర కోయ కాలేదెందుకు?

1804లో రష్యా ఓడ నదేజ్దా పసిఫిక్ సముద్రంలోని నుకుహివా దీవికి చేరేసరికి అక్కడ ఇద్దరు తెల్లవాళ్లు కాపురముంటున్నారు. ఫ్రెంచి నావికుడు కాబ్రీకి మొహంతో సహా ఒళ్లంతా పచ్చబొట్లే. అక్కడి పిల్లను పెళ్లాడాడు, సొంత భాషను దాదాపు మరిచిపోయాడు. ఇంగ్లీషువాడు రాబర్ట్స్ దీవిలో పెద్దింటి అల్లుడే అయినా, అతని ఛాతీ మీద ఉన్నది పలకలాంటి ఒకే ఒక్క బొట్టు. దాని సంగతిని ఆ ఓడలో వచ్చిన ప్రకృతి శాస్త్రవేత్త లాంగ్స్‌డార్ఫ్ రాసిపెట్టాడు. అంతకుముందటి ఏడు కరువు వచ్చిందట. దీవి పెద్ద తిండి పెట్టి పోషించే జట్టులో చోటు కోసం రాబర్ట్స్ ఆ బొట్టు పొడిపించుకున్నాడట. లేకపోతే ఒప్పుకునేవాణ్ణే కానని చెప్పాడట. నావికులు దీవి జీవితానికి మురిసి దీవివాసులయ్యారని చెప్పే కథల కంటే ఈ ఒక్క సాక్ష్యం నాకు బరువైనదిగా కనిపిస్తుంది. పరాయివాడు ఊరివాడయ్యేది ముచ్చటపడి కాదు, ఆ ఊరు లేకపోతే బతుకు లేనప్పుడు. మన అడవి అంచు చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది.

గోదావరికి ఈవల కల్లూరు, సత్తుపల్లి నిజాం ఏలుబడిలో ఉండేవి. ఆవలి భద్రాచలం 1860లో ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. గోదావరిలో పడవలు నడపాలని తలపెట్టిన పనుల మీద దుమ్ముగూడెం వచ్చిన ఇంజనీరు హేగ్ కోయల మధ్య ఉన్నాడు. తర్వాత వచ్చిన మిషనరీ జాన్ కెయిన్ ఏళ్ల తరబడి అక్కడే ఉండి, ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికకు కోయల ఆచారాల గురించి వ్యాసాలు రాశాడు. కోయల్లో అంతకాలం మెలిగినా ఇద్దరిలో ఎవరూ కోయ కాలేదు. ఒకరి వెనక సర్కారు ఖజానా ఉంది, మరొకరి వెనక మిషన్ ఉంది. వాళ్ల గింజలు కోయల గాదెలో లేవు.

మతం అడ్డొచ్చిందని మిషనరీ తరఫున ఎవరైనా వాదించవచ్చు. కోయ కావాలంటే ఏదో ఒక గట్టులో, అంటే కోయల వంశశాఖలో, పుట్టాలి, పరాయివాడికి తలుపు తెరుచుకోదు అని కూడా అనవచ్చు. రెండూ నిజమే, కానీ రెండూ చాలవు. ఇదే నేల మీద, హైదరాబాదులో, మతమూ వంశమూ రెండూ దారిచ్చిన సందర్భం ఉంది. ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ మొగలాయి దుస్తులు వేశాడు, హష్మత్ జంగ్ బిరుదు పొందాడు, ఇస్లాం స్వీకరించి ఖైరున్నిసాను పెళ్లాడాడు. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో చనిపోతే జనం అతన్ని మూసా రామ్ అనీ, మూసా రహీమ్ అనీ తలుచుకున్నారు. అప్పటికి నిజాం దర్బారులో మర్యాదకు విలువ ఉంది. ఆ మర్యాద దక్కాలంటే దర్బారు మనిషి కావాలి. కిర్క్‌పాట్రిక్‌ది ప్రేమ కాదా అంటే, ప్రేమే కావచ్చు. కానీ ఆ ప్రేమ మీదనే గవర్నర్ జనరల్ వెల్లెస్లీ విచారణ జరిపించాడు. 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండుకు పంపేశారు. ఆ తర్వాత కంపెనీ బలం పెరిగేకొద్దీ అలాంటి రెసిడెంట్లు అరుదయ్యారు. మనుషుల మనసులు ఒక్క తరంలో అంతగా మారిపోవు. మారింది బలాబలాలు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం హైమెండార్ఫ్. ఈ ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త 1939లో యుద్ధం రావడంతో శత్రుదేశపు మనిషిగా నిజాం రాజ్యంలో చిక్కుబడ్డాడు. గోదావరి ఒడ్డున కొండరెడ్ల గూడేల్లో తిరిగి, వాళ్ల మీద 1945లో పుస్తకం వెలువరించాడు. అతని భార్య బెట్టీని 1987లో ఆమె కోరిక మేరకే ఆదిలాబాద్ గోండుల ఊరు మార్లవాయిలో పాతిపెట్టారు. ఈ అభిమానాన్ని శంకించనక్కర్లేదు. అయితే తర్వాత అతనికి దక్కింది నిజాం ప్రభుత్వ సలహాదారు హోదా. గిరిజనుల భూమి గురించి పైవాళ్లతో మాట్లాడగలిగాడంటే అతను గిరిజనుడు కాకపోవడం వల్లనే. అభిమానం మనిషిని దగ్గరకు తెస్తుంది గాని, గీత దాటించేది అవసరం.

ఈ సూత్రానికి అసలు పరీక్ష దొరల దగ్గర కాదు, కోయల దగ్గర ఉంది. కల్లూరు వైపు మైదానానికి దగ్గరైన కోయల్లో చాలామంది ఇవాళ ఇంట్లోనూ తెలుగే మాట్లాడతారు. బడి, సంత, కచేరీ, అప్పుపత్రం అన్నీ తెలుగులో నడిచాయి కనుక వాళ్లకు ఆ భాష అన్నంతో ముడిపడింది. నుకుహివాలో రాబర్ట్స్ ఛాతీ మీది బొట్టు ఏ పని చేసిందో, ఇక్కడ పరాయి భాష అదే పని చేసింది. తేడా ఒక్కటే: రాబర్ట్స్‌కు ఎక్కి వెళ్లిపోవడానికి ఓడలు వచ్చాయి. ఈ అడవి కోయకు వెళ్లడానికి మరో చోటు లేదు. అందుకే పరాయివాడు మనవాడయ్యాడని మురిసేటప్పుడు, ఎవరి తిండి ఎవరి చేతిలో ఉందని ముందు అడగాలి.