ఫాల్టు లేకుండానే ట్రిప్పయిన లైన్లు

కరెంటు పోగానే ఇళ్ళలో వినబడే మొదటి మాట, "ఎక్కడో ఫాల్టయి ఉంటుంది" అని. డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ మనమూ అదే అన్నాం. కానీ చరిత్రలో చెప్పుకునే రెండు పెద్ద గ్రిడ్ వైఫల్యాలకు నాంది పలికిన లైన్లలో అసలు ఫాల్టే లేదు.

నిజమైన ఫాల్టు సంగతి వేరు. పిడుగు పడినా, కొమ్మ తగిలినా కరెంటు ఒక్కసారిగా పెరిగి వోల్టేజి పడిపోతుంది. సాధారణంగా ఒక ఫేజే భూమికి తగులుతుంది గనుక మూడు ఫేజుల సమతూకం చెడి, లెక్క చిక్కుపడుతుంది. 1918లో వెస్టింగ్‌హౌస్ ఇంజనీరు చార్లెస్ ఫోర్టెస్క్యూ ఆ చిక్కు విప్పాడు. పాజిటివ్, నెగెటివ్, జీరో సీక్వెన్సులుగా విడదీసి లెక్కగట్టి, మళ్ళీ కలపవచ్చని చూపాడు. స్లైడ్‌రూలుతో మనం కుస్తీ పట్టింది ఆ లెక్కలతోనే గదా!

డిస్టెన్స్ రిలే అంత లోతుకు పోదు. వోల్టేజిని కరెంటుతో భాగించి చూస్తుంది. ఆ విలువ సెట్టింగుకన్నా తగ్గితే ఫాల్టనుకుంటుంది. చిక్కంతా ఇక్కడే. లోడు విపరీతంగా పెరిగి వోల్టేజి కుంగినా ఆ విలువ తగ్గుతుంది. పక్క స్టేషనులో రక్షణ పనిచేయకపోతే ఆదుకోవడానికి దూరందాకా చూసే బ్యాకప్ దశ, అంటే జోన్-3, ముందుగా మోసపోతుంది.

1965 నవంబరు 9 సాయంత్రం 5.16కు కెనడాలోని సర్ ఆడమ్ బెక్ కేంద్రం నుంచి టొరంటో వైపు వెళ్ళే అయిదు లైన్లలో ఒకటి అలాగే ట్రిప్పయింది. బ్యాకప్ రిలే సెట్టింగు 1963 నాటిది. లోడు పెరిగింది, సెట్టింగు మారలేదు. క్షణాల్లో మిగతా నాలుగూ పోయాయి. దారి మూసుకుపోయిన విద్యుత్తు న్యూయార్కు రాష్ట్రం మీదికి పోటెత్తింది. సుమారు 3 కోట్ల మంది చీకట్లో పడ్డారు; కొన్నిచోట్ల 13 గంటలపాటు.

మన దేశంలో 2012 జులై 30 తెల్లవారుజామున 2.33కు బీనా–గ్వాలియర్ 400 కె.వి. లైను జోన్-3 మీద ట్రిప్పయి, ఉత్తర గ్రిడ్ కూలింది. దాని జోడు లైనును పనుల కోసం ఆపి ఉంచారు; కొన్ని రాష్ట్రాలు వాటాకు మించి లాగుతున్నాయి. మరునాడు మధ్యాహ్నం 1 గంటకు మళ్ళీ అదే లైను! ఈసారి తూర్పు, ఈశాన్య గ్రిడ్లూ పడ్డాయి. 60 కోట్లమందికి పైగా ఉండే ప్రాంతమది. రైళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. విచారణలో రికార్డులు తిరగేస్తే ఆ లైనులో ఫాల్టు ఆనవాలు లేదు.

దక్షిణ గ్రిడ్ నిలబడింది. అప్పట్లో మనకు మిగతా దేశంతో గాజువాక, తాల్చేరు–కోలారు వంటి డి.సి. లింకులే ఆధారం. ఫ్రీక్వెన్సీ కుంగి కొంత లోడు తెంచాల్సివచ్చింది, అంతే. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కె.వి. లైనుతో మనమూ వారితో ఒకటయ్యాం.

2012లో ఆ సాయంత్రం పాత సహోద్యోగి ఒకాయన ఫోన్ చేశారు. కుశలప్రశ్నలు లేవు. "జోన్-3 ఎంతకు పెట్టారటండీ?" అన్నారు.