బంగారం చవకైన రోజున

2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. ఆ రోజుల్లో ప్రపంచ మార్కెట్లో ఔన్సు బంగారం 300 డాలర్ల లోపే. పదేళ్లు తిరిగేసరికి అదే ఔన్సు 1,800 డాలర్లు దాటింది. తులం బంగారం కొనడానికి మన ఇళ్లలో అప్పులు చేస్తున్న ఆ కాలంలోనే, తరతరాలుగా దాన్ని తవ్విన ఇళ్ల పిల్లలు తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి కూలికోసం బెంగళూరుకు పోతున్నారు.

ఆ గనుల ఊరు పుట్టిందే ఆశతో. ఊరిగాం, మారికుప్పం పల్లెల్లో ఆడవాళ్లు మట్టి కడిగి బంగారపు రేణువులు తీసేవారని విని, 1802లో జాన్ వారెన్ అనే సైనికాధికారి వెతుక్కుంటూ వచ్చాడు. 1875లో లావెల్ అనే మాజీ సైనికుడు మైసూరు సంస్థానం నుంచి తవ్వకానికి అనుమతి పొందాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగింది. అక్కడి నుంచి రాతినేల మీద నగరం లేచింది. 1902లో శివసముద్రం జలపాతం దగ్గర పుట్టిన కరెంటు దాదాపు 147 కిలోమీటర్ల తీగల మీద ఇక్కడికి చేరింది. బెంగళూరు వీధులకు 1905 దాకా కరెంటు దీపాలు లేవు.

దొరలకు బంగళాలు, క్లబ్బులు. కూలీలకు ఒక్క గది లైన్లు. ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చినవారు. అప్పట్లో మన చిత్తూరు కూడా ఆ జిల్లాలోదే. తమిళం, తెలుగు, కన్నడం ఒకే కొళాయి దగ్గర కలిసేవి. సుమారు 30 వేల మంది పనిచేసిన రోజులున్నాయి.

వాళ్లు దిగిన లోతు తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి భూగర్భంలోకి పోయింది. అంత అడుగున రాయి వేడి 60 డిగ్రీలు మించేది. ఉన్నట్టుండి గోడ పేలి రాళ్లు మీద పడేవి. బతికి బయటపడినవారిని రాతిధూళి వెంటాడింది. సిలికోసిస్‌తో ఊపిరితిత్తులు గట్టిపడి ఎందరో నడివయసులోనే పోయారు. నూట ఇరవై ఏళ్లలో ఆ చీకటి 800 టన్నులకు పైగా బంగారాన్ని ఇచ్చింది. 1965లో అదే గని లోతుల్లో శాస్త్రవేత్తలు వాతావరణం నుంచి వచ్చే న్యూట్రినోల జాడ పట్టారు. విజ్ఞానానికి ఆ ఊరు రుణపడలేదు, విజ్ఞానమే ఊరికి రుణపడింది.

పతనం ఒక్క రోజులో రాలేదు. లోతు పెరిగేకొద్దీ ఖర్చు పెరిగింది, టన్ను రాయికి దొరికే బంగారం కొద్ది గ్రాములకు తగ్గింది. 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం గనులను చేతుల్లోకి తీసుకున్నాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. నష్టాలు పేరుకున్నాయి, చివరికి తాళం పడింది. మన చిత్తూరు జిల్లాలోని బిసనత్తం, చిగురుగుంట గనులూ దాంతోపాటే ఆగిపోయాయి. నీటిని తోడే పంపులు ఆగాక సొరంగాలు నీటితో నిండిపోయాయి. పనివాళ్లు బకాయిల కోసం, పుట్టి పెరిగిన క్వార్టర్ల మీద హక్కు కోసం ఏళ్ల తరబడి తిరిగారు.

ఊరు మాత్రం చావలేదు. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట బజార్లు నడుస్తూనే ఉన్నాయి. పక్కనే సైనైడ్ దిబ్బలు, బంగారం తీయగా మిగిలిన మూడు కోట్ల టన్నులకు పైగా పిండిరాయి. ఎండాకాలపు గాలికి ఆ దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. 2018లో అదే పేరుతో సినిమా వచ్చాక దేశమంతటికీ కేజీఎఫ్, అంటే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, పేరు తెలిసింది. తెరమీది కథ కల్పితం. లైన్లలో దగ్గుతూ పోయిన మనుషులది నిజం.

ఇలా ఒకే పని చుట్టూ అల్లుకున్న ఊరు మాకూ ఉంది. 1971 అక్టోబరు 9న అప్పటి మా నెల్లూరు జిల్లా తీరంలో శ్రీహరికోట దీవి నుంచి తొలి రాకెట్ ఎగిరింది. ఆ పనికోసం దీవిలోని యానాదుల కుటుంబాలు చోటు వదిలాయి. ఇవాళ పక్కనున్న సూళ్లూరుపేట బతుకు సగం ఆ రాకెట్ కేంద్రం షార్ చుట్టూనే తిరుగుతోంది. దాని ప్రతి విజయానికీ మేం గర్వపడతాం. అందుకే కోలారు మమ్మల్ని ఎక్కువ కలచివేస్తుంది. దేశానికి ఒక్క పని చేసిపెట్టడానికే పుట్టిన ఊళ్లు ఆ పని ఆగితే ఏమవుతాయో అది చూపించింది.

ఖనిజం తరగడం ప్రకృతి ధర్మం. దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ గని ఏదో ఒకనాడు మూతపడుతుందని తొలి పలుగు దించిన నాడే అందరికీ తెలుసు. ఆ రోజుకోసం ప్రతి టన్ను నుంచీ కొంత పక్కన పెట్టి ఉంటే, పిల్లలకు మరో పని నేర్పి ఉంటే, ముసలివాళ్ల ఊపిరికి వైద్యం ఏర్పాటు చేసి ఉంటే, గని మూతపడినా ఊరు ఇంతగా చితికేది కాదు. 800 టన్నులు ఇచ్చిన ఊరికి ఆ మాత్రం దక్కకపోవడమే ఈ కథలో అసలు విషాదం. ఆ బాకీ ఇప్పటికీ తీరలేదు, తీర్చాల్సిందే.