రేవు పాట

లంకంటే నాలుగు పక్కలా నీళ్ళున్న నేలని పిల్లలకి పాఠం చెబుతాను. మాకు మాత్రం పడవుంటేనే అది ఊరు. ధవళేశ్వరం దిగువన గోదారి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య ఒండ్రు మేటేసిన చోటల్లా లంకలు లేచాయి. వరదొస్తే ముందు ములిగే పల్లంలో మా మాలపల్లెలున్నాయి. కోనసీమ అనగానే కొబ్బరితోటలూ, అగ్రహారాలూ రాస్తారు. రేవుల చరిత్ర నేను చదివిన ఏ పాఠంలోనూ లేదు.

రేవు సర్కారుది. మద్రాసు ప్రభుత్వం 1890లోనే కాలవలకీ, రేవులకీ కలిపి చట్టం చేసింది. తర్వాత్తర్వాత రేవులు పరిషత్తుల కిందికీ, పంచాయతీల కిందికీ వచ్చాయి. వాళ్ళు పాట పెడతారు. ఎక్కువ పాడినోడిది రేవు. పేరుకి ప్రజలది, ఏలుబడి పాటదారుది. పాటలో నిలబడాలంటే ముందు ధరావతు కట్టాలి. కూలోళ్ళకి ధరావతెక్కణ్ణించొస్తుంది? మా రేవు పాడినోళ్ళంతా భూములున్నోళ్ళే.

మా తాత ఆ రేవులోనే గెడ వేశాడు. బల్లల మీద పెద్దకులాలోళ్ళు కూచునేవారంట. మనవాళ్ళు గడ్డిమోపుల పక్కన, పడవడుగున ఊరే నీళ్ళలో నిలబడాలి. "ఆడు తోస్తే పడవ మైలపడదు, కూకుంటే పడతాదా?" అని మా మామ్మ అడిగేది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. ప్రజలెక్కే బండికాడా, నదీ రేవుకాడా కులం పేరుతో అడ్డుకుంటే నేరమంది. ఆ సంగతి మా రేవుకి చేరలేదు.

నా హైస్కూలు అవతలి గట్టున. మాపల్లె పిల్లలు ఆఖర్న ఎక్కాలి. చోటు లేకపోతే ఆగిపోవాలి, బళ్ళో బెంచీ ఎక్కాలి. పడవ డబ్బుల బాకీ పేరుకుంటే మా అమ్మ పాటదారు చేలో ఊడుపుకెళ్ళి తీర్చేది. నా చదువు ఖర్చులో మొదటి పద్దు అదే.

తర్వాత ఇంజను పంటు వచ్చింది. పంటు మీద బల్లల్లేవు. మోటారు సైకిళ్ళ మధ్య అందరూ నిలబడాల్సిందే. మా రేవులో కులం బల్లని తీసేసింది ఇంజనే గాని చట్టం కాదు.

పెద్ద రోడ్లకి వంతెనలొచ్చాయి. 2002లో యానాం-ఎదుర్లంక వంతెన వచ్చింది. 1998లో లోక్‌సభ స్పీకరైన మన బాలయోగి పేరే దానికి పెట్టారు. ఆయన పుట్టింది ఎదుర్లంకలోనే. చిన్న లంకలకి మాత్రం పడవే మిగిలింది. 2018 జూలై 14న పశువుల్లంక దగ్గర నాటుపడవ ఒకటి, ఇంకా కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తాపడింది. బడిపిల్లలు గోదారి పాలయ్యారు. వంతెన పూర్తయ్యేదాకా లంకోళ్ళ ప్రాణం పడవ మీదే గదా. ఆ పడవ బాగోగులు ఎవరు చూడాలి?

ఆర్టీసీ బస్సుని ఊరిపెద్దకి పాటకివ్వరు. నష్టమొచ్చినా పల్లెకి బస్సు నడపాలంటారు, బడిపిల్లలకి పాసులిస్తారు. మా లంక పిల్లలకి పడవ పాసు లేదు. రోడ్డు మీద పోయేవాడికి ప్రయాణం హక్కయినప్పుడు, నీళ్ళ మీద పోయేవాడికది పాటదారు దయ ఎందుకవ్వాలి? రేవుని ఆదాయం పద్దులోంచి తీసి బడి, ఆసుపత్రి పక్కన రాయాలి. సర్కారు పడవ, సర్కారు జీతగాడు, మనిషికో లైఫ్ జాకెట్టు. మా తాత గెడేసిన రేవులో మేమడిగేది దయ కాదు, మా వాటా.