ఫలాగమము తరువాతి కథ: సూపర్‌హీరో ధారావాహికల క్షీణతపై ఒక పరిశీలన

విషయ ప్రస్తావన

అతిమానుషశక్తి గల వీరుల కథ మొదటి సీజనునందు ప్రేక్షకలోకమును ముగ్ధము గావించి, రెండవ సీజను నాటికే వారి యాదరమును కోల్పోవుట టెలివిజను చరిత్రలో తఱచుగ కానవచ్చు విషయము. నిర్మాతల యలసత్వమో ప్రేక్షకుల చాపల్యమో ఇందులకు హేతువని చెప్పి యూరకుండుట సులభమే. కాని లోపము కథాశరీరమునందే యున్నదనియు, మొదటి సీజనునకు విజయము చేకూర్చిన గుణములే ముగింపు నిరాకరింపబడినంతనే దోషములుగా పరిణమించుచున్నవనియు నిరూపించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము. అమెరికాలోని ఎన్.బి.సి. సంస్థ 2006 నుండి 2010 వరకు ప్రసారము చేసిన 'హీరోస్' ధారావాహికను ప్రధానోదాహరణముగా గైకొని, మన కథకులు అవలంబించిన మార్గములతో, విశేషించి సికింద్రాబాదు బిడ్డయైన శ్యామ్ బెనెగళ్ దూరదర్శనునకు నిర్మించిన ధారావాహికతో, దానిని పోల్చి చూచెదను.

మొదటి సీజను నిర్మాణము

టిమ్ క్రింగ్ సృష్టించిన 'హీరోస్' 2006 సెప్టెంబరు 25న ఆరంభమయ్యెను. తొలి భాగమును అమెరికాలో కోటి నలుబది లక్షలకు పైబడిన జనులు చూచిరి. ఇందలి పాత్రలు మన యిరుగుపొరుగున కానవచ్చునట్టి సామాన్యులు. టోక్యోలో ఉద్యోగము చేసికొనుచు, కాలమును స్తంభింపజేయు శక్తి తనకు గలదని గ్రహించిన హిరో నకమురా. ఎంతటి గాయమైనను మానిపోవు దేహము గల టెక్సాసు విద్యార్థిని క్లేర్ బెనెట్. ఇతరుల శక్తులను తనలోనికి గ్రహింపగల నర్సు పీటర్ పెట్రెల్లి. భావిని చిత్రించు ఐజాక్ మెండెజ్. తండ్రి మరణరహస్యమును వెదకుచు మదరాసు నుండి న్యూయార్కు చేరిన జన్యుశాస్త్రజ్ఞుడు మోహిందర్ సురేశ్. ఒకరినొకరు ఎఱుగని వీరందఱను కలుపునది న్యూయార్కు నగరము పేలిపోవు దృశ్యమును ముందుగనే చూపిన ఐజాక్ చిత్రము.

పదవ శతాబ్దమునకు చెందిన ధనంజయుడు దశరూపకమున రూపకమునకు బీజము మొదలుకొని కార్యము వరకు ఐదు అర్థప్రకృతులను, ప్రారంభము మొదలుకొని ఫలాగమము వరకు ఐదు అవస్థలను చెప్పియున్నాడు. అమెరికా టెలివిజను రచయితలు ఈ లక్షణమును చదివియుండనక్కఱలేదు. అయినను మొదటి సీజను దీనిని ఆశ్చర్యకరముగా అనుసరించినది. ఐజాక్ చిత్రము బీజము. ఒక్కొక్క పాత్ర తన శక్తిని గుర్తించుట ప్రారంభము. వారు పరస్పరము చేరువగుట యత్నము. హంతకుడైన సైలర్ చేతికి ఆ శక్తులు చిక్కుచుండుట విఘ్నము. 2007 మే 21న ప్రసారమైన ఇరువదిమూడవ భాగమున, పేలనున్న తమ్ముడు పీటరును నేథన్ పెట్రెల్లి ఆకాశమునకు గొనిపోయి నగరమును రక్షించుట ఫలాగమము. కథ పండినది. అద్భుతరసమునకు ఆలంబనమైన తొలి ఆవిష్కారము సయితము అక్కడనే సమాప్తమైనది, ఏలయన తాను ఎగురగలనని మనుజుడు మొదటిసారి తెలిసికొను క్షణము ఒక పాత్రకు ఒక్కమారే సంభవించును.

సమ్మె ఎంతవరకు కారణము?

రెండవ సీజను పతనమునకు అమెరికా రచయితల సంఘము 2007 నవంబరు 5 నుండి 2008 ఫిబ్రవరి 12 వరకు సాగించిన సమ్మెయే కారణమని పలువుర అభిప్రాయము. సమ్మెచే ఆ సీజను పదునొకండు భాగములతో అర్ధాంతరముగా ముగిసినమాట సత్యము. కాని కాలక్రమమును పరిశీలించినచో ఈ వాదము సంపూర్ణముగ నిలువదు. రెండవ సీజను 2007 సెప్టెంబరు 24ననే ఆరంభమైనందున, సమ్మె పొడసూపునాటికే ఆరు భాగములు ప్రేక్షకులను చేరియుండెను. అసంతృప్తియు అప్పటికే వ్యక్తమైయుండెను. ఆ నవంబరు మాసముననే క్రింగ్ ఒక వారపత్రికతో మాటాడుచు, కథ మందగించినదనియు, హిరోను పూర్వకాలపు జపానులో మితిమీరి నిలిపితిమనియు, నూతనపాత్రలను ప్రధానకథతో పొసగునట్లు ప్రవేశపెట్టలేదనియు అంగీకరించెను. మొదటి సీజనున మేటి భాగముగ పేరొందిన 'కంపెనీ మేన్' రచయిత బ్రయన్ ఫుల్లర్ అప్పటికే అన్యకార్యమునకై తరలిపోయియుండుట మఱియొక నష్టము. ఇవన్నియు సహకారికారణములు. ఉపాదానకారణము కథలోనే వెదకదగినది.

శక్తికి అవధి లేకపోవుట

వీరుని శక్తి పెరిగినకొలది విఘ్నము తరుగును. విఘ్నము తరిగినకొలది కథ చచ్చుబడును. మొదటి సీజను ముగియునప్పటికి పీటరు సమస్తశక్తులకు నిలయమయ్యెను, హిరో కాలమునకే అధిపతి యయ్యెను, సైలరు ఎదుటివారి శక్తులనెల్ల అపహరింపగలవాడయ్యెను. ఇట్టివారికి అసాధ్యమగు కార్యమేది? కావున రెండవ సీజను రచయితలు ఏమిచేసిరో గమనింపుడు. పీటరునకు స్మృతి పోయినది, ఐర్లండులోని కార్క్ నగరమున తానెవ్వడో తెలియక తిరుగుచుండును. హిరో 1671వ సంవత్సరపు జపానున చిక్కుకొనెను. సైలరు శక్తిహీనుడై పడియుండెను. మువ్వురను మూడువిధముల కథనుండి తొలగించిననే తప్ప కథ నడువలేదనుట, మొదటి సీజను వారికి ఇచ్చిన వరము రెండవ సీజనునకు శాపమైనదనుటకు ప్రబలప్రమాణము. రచయితలు అశక్తులు గారు. తాము నిర్మించిన శక్తిచేతనే బంధింపబడిరి.

మరణము వ్యర్థమగుట

రెండవ దోషము మొదటిదానికంటె గభీరమైనది. ఆకాశమున ప్రేలిన నేథన్ రెండవ సీజనున సజీవుడై కనుపించును. హిరో ఖడ్గమునకు గురియైన సైలరు చావడు. క్లేరు పెంపుడుతండ్రి నోవా బెనెట్ తుపాకిగుండుచే హతుడై, ఆమె రక్తముచే పునర్జీవితుడగును. జనాదరము పొందిన నటులను వదలుకొనుటకు సంస్థకు మనసొప్పకపోవుట సహజము. కాని ప్రతి మరణమును మరల విప్పికొనవచ్చునని ప్రేక్షకుడు ఒకమారు గ్రహించినచో, ఆపై ఏ మరణమునకును అతని కన్ను చెమర్చదు. పాత్రలను రక్షించుటకై కరుణరసమును బలియిచ్చిరనవలెను.

మూడవది బీజపునరుక్తి. మొదట న్యూయార్కు వినాశము; రెండవ సీజనున మోహిందరుని సోదరి పేర వెలసిన శాంతి వైరసు మానవులలో నూటికి తొంబదిమువ్వురను హరించు భవిష్యత్తు, దానిని సూచించుటకు మరల ఐజాక్ చిత్రములే; మూడవ సీజనున మరల లోకవినాశదర్శనము. ముప్పు పరిమాణమున పెరిగెను గాని ప్రేక్షకుని భయము పెరుగలేదు, తప్పిపోయిన ప్రళయమును అతడు పూర్వమే చూచియుండెను గనుక. 2010 ఫిబ్రవరి 8న ధారావాహిక ముగియునాటికి, ప్రేక్షకులు తొలినాటివారిలో సగమునకంటె తక్కువైరి. 2015లో 'హీరోస్ రీబార్న్' అను పేర జరిగిన పునరుజ్జీవనయత్నము పదుమూడు భాగములతో ఆగిపోయినది.

మన కథకుల మార్గములు

దీర్ఘకథను అలయక నడుపు విద్య మనకు నూతనము గాదు. మధిర సుబ్బన్నదీక్షితులు కాశీమజిలీ కథలలో, మణిసిద్ధుడను యతి గొల్లపిల్లవానిని వెంటగొని కాశికి పోవుచు మజిలీకొక కథ చెప్పునట్లు కల్పించెను. ప్రయాణము సాగుచుండును, ఏ కథకాకథ ముగియుచుండును. శ్రోతకు తృప్తియు కుతూహలమును రెండును దక్కును. ఈ నీతినే 1997 నుండి 2005 వరకు దూరదర్శనున సాగిన 'శక్తిమాన్' కొంతవరకు పాటించినది. ముకేశ్ ఖన్నా ధరించిన ఆ వీరుడు తమ్‌రాజ్ కిల్విష్‌తో చేయు పోరు కొనసాగుచునే యున్నను, పిల్లలకు జెప్పు హితబోధతో ఆయా భాగము తన ప్రయోజనమును తాను నెరవేర్చుకొనుచుండెను. హైదరాబాదు నందలి గ్రీన్‌గోల్డ్ సంస్థ 2008లో పోగో ఛానలునకు అందించిన 'ఛోటా భీమ్' మఱింత స్పష్టమైన నిదర్శనము. ఢోలక్‌పూరు బాలుడగు భీమునకు బలము లడ్డూ తినినప్పుడే పొంగును. అతని శక్తికి ఎల్ల గలదు, అతని వయస్సు పెరుగదు, అతని లోకము ఒక చిన్న రాజ్యము. కనుకనే ఆ కథ అలసట లేక సంవత్సరములు నడచినది.

రెండవ మార్గము, ముగింపును ముందే నిశ్చయించుకొనుట. 1934లో సికింద్రాబాదు తిరుమలగిరిలో జన్మించిన శ్యామ్ బెనెగళ్, నెహ్రూ గ్రంథము ఆధారముగా నిర్మించిన 'భారత్ ఏక్ ఖోజ్' 1988లో ఆరంభమై 53 భాగములలో సంపూర్ణమైనది. ఇది వీరకథ గాదు, అయిదువేల యేండ్ల దేశచరిత్ర. అయినను మన చర్చకు ఇది అత్యంతోపయుక్తము. ఇంతటి అపారవిషయమును చేపట్టిన దర్శకుడు, గ్రంథమే విధించిన అవధిని శిరసావహించి, జనాదరము లభించినదని దానిని సాగదీయలేదు. అనంతవిషయమునకు అవధి కల్పించుటయే కళ యని సికింద్రాబాదు బిడ్డ నిరూపించియుండగా, పరిమితమైన కథను అనంతము చేయబోయి క్రింగ్ బృందము చెడినది. పాత్రలను సీజనునకు సీజనునకు మార్చవలెనని క్రింగ్ మొదట తలచినట్లు తానే చెప్పియుండుట ఇక్కడ స్మరింపదగినది. ఆ సంకల్పము నిలిచియున్నచో ప్రతి సీజను ఒక క్రొత్త మజిలీ అయ్యెడిది.

నిర్ణయము

పై పరిశీలన వలన తేలు సిద్ధాంతము ఇది: సూపర్‌హీరో ధారావాహిక క్షీణించుట దైవికము గాదు, ఫలాగమమును పొందిన కథను, ఆ ఫలమునే నిరాకరించి, మరల నడపజూచుటయే క్షయమునకు మూలము. శక్తికి ఎల్ల నేర్పరచుట, మరణమును గౌరవించుట, పాత కథ పండినచోట దానిని విడిచి క్రొత్త పాత్రలతో క్రొత్త బీజము నాటుట అను మూడు నియమములు పాటింపబడినచో రెండవ సీజనునకు ఆయువు చేకూరును. 2024 జనవరిలో విడుదలైన 'హను-మాన్' చిత్రము తెలుగువారి వీరకథకు దేశమంతట ఆదరము గలదని చాటినది. దాని తరువాతి కథయు ఆ చిత్రముననే ప్రకటింపబడినది. నేడు తెలుగున ఇట్టి కథలను ధారావాహికలుగా మలచ నెంచువారికి ధనమును సాంకేతికసామర్థ్యమును కొఱవడవు. వారు మొదటి భాగమును చిత్రీకరింపకముందే చివరి భాగమును వ్రాసికొని, ఎంత ఆదరము లభించినను ఆ ముగింపును తప్పింపకుందురుగాక యని నా విజ్ఞప్తి.